మందు పేరును చెవితో కూడా పరీక్షించాలి

సంపాదకుడు గారికి,

ఒకేలా వినిపించే బ్రాండ్ పేర్ల మీద కంపెనీలు కోర్టుకెక్కిన వార్తలు పత్రికల్లో చదువుతుంటాను. ఎవరి పేరు ముందు పుట్టింది, ఎవరు కాపీ కొట్టారు అన్న దగ్గరే అవి ఆగిపోతాయి. ఆ పేరు చెప్పి సరుకు కొనుక్కునే మనిషి వాటిలో కనిపించడు. సబ్బు, బిస్కెట్ అయితే పోనీ అనుకోవచ్చు. మందు గోలీల దగ్గర అలా అనుకోలేం.

మా అమ్మ చాలా ఏళ్లుగా బీపీ గోలీలు వాడుతుంది. ఆమెకు షుగర్ లేదు. పోయిన వానాకాలం గోలీలు అయిపోతే, వరంగల్ వెళ్లిన తమ్ముడికి ఫోన్‌లో పేరు చెప్పాను. వాడు దుకాణంలో అదే చెప్పాడు. డాక్టర్ చిట్టీ ఎవరూ అడగలేదు. రెండో రోజు పొద్దున అమ్మకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా" అంటూ మంచం మీద కూలబడింది. మా వాడలో ఉండే ఆశా కార్యకర్త పరుగున వచ్చి చక్కెర నీళ్లు తాగించింది. షీటు తిప్పి చూసి, ఇది షుగర్ గోలీ అని చెప్పింది కూడా ఆమెనే. చిట్టీ చూడకుండా ఇవ్వడం దుకాణం తప్పు. ఫోన్‌లో పేరు చెప్పి ఊరుకోవడం నా తప్పు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

తర్వాత రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఇంగ్లిషు అక్షరాల్లో తేడా బాగానే ఉంది. పైకి చదివితే మాత్రం రెండూ ఒకటే. జెడ్‌తో రాసినా జేతో రాసినా మన నోట్లో అది 'జ'నే. వీ, డబ్ల్యూ రెండూ 'వ'. కే, క్యూ రెండూ 'క'. ఎఫ్ మా ఊళ్లో పెద్దవాళ్ల నోట్లో 'ప' అయిపోతుంది. కాగితం మీద వేరుగా కనిపించిన పేర్లు నర్సంపేటకు వచ్చేసరికి ఒకటే పేరు అవుతున్నాయి.

మన కోర్టులకు ఈ సంగతి తెలియనిది కాదు. అమృతధార, లక్ష్మణధార అనే మందుల కేసులో 1962లోనే సుప్రీంకోర్టు, కొనేవాడు పేరును విడగొట్టి అర్థాలు చూడడని, మొత్తం మీద చెవికి ఎలా వినిపించిందో అదే గుర్తు పెట్టుకుంటాడని చెప్పింది. 2001లో కాడిలా పేరున్న రెండు కంపెనీల మధ్య ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే పేర్ల కేసు వచ్చింది. రెండూ మెదడుకెక్కే మలేరియాకు వాడే మందులే. ఏటూరునాగారం ఏజెన్సీ జ్వరాలు చూసిన మనకు ఆ మలేరియా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ మందులు ఆసుపత్రులకే అమ్ముతారు కాబట్టి పొరపాటు జరగదన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డాక్టర్లు, మందులిచ్చేవాళ్లు కూడా పొరబడతారని, మందుల పేర్ల విషయంలో మిగతా సరుకుల కన్నా గట్టిగా ఉండాలని చెప్పింది. తయారీకి అనుమతి ఇచ్చే ముందే, బ్రాండ్ పేర్లు నమోదు చేసే ట్రేడ్ మార్క్ ఆఫీసు నుంచి, అలాంటి పేరు ఇప్పటికే ఉందో లేదో చెప్పే సెర్చ్ రిపోర్టు తెప్పించుకునే ఆలోచన చేయమని అధికారులకు సూచించింది.

ఆ సూచన తర్వాత నిబంధన రావడానికి 2019 దాకా పట్టింది. వచ్చింది కూడా ఫారం 51 అనే హామీ పత్రం. ఇలాంటి పేరు ఇంకెక్కడా లేదని కంపెనీయే వెతుక్కుని, కంపెనీయే రాసి ఇవ్వాలి. పేరు పెట్టుకునేవాళ్ల మాటనే ఆధారంగా తీసుకుంటే ఎలా? ట్రేడ్ మార్క్ చట్టం ప్రకారం కొత్త పేరు ఆ ఆఫీసు వేసే జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 'ఎవరైనా' అంటే మా అమ్మ కూడా. కానీ వారం వారం వచ్చే ఆ జర్నల్‌ను మా ఊళ్లో చదివేదెవరు?

అందుకే ఔషధ నియంత్రణ అధికారులను కోరుతున్నాను. కొత్త మందు పేరుకు అనుమతి ఇచ్చే ముందు దాన్ని తెలుగులో పైకి పలికించి వినండి. ఇప్పటికే వాడుకలో ఉన్న మందు పేరులా వినిపిస్తే, ముఖ్యంగా అది వేరే జబ్బు మందు అయితే, ఒప్పుకోకండి. ఇక్కడ అమ్మే షీట్ల మీద పేరు తెలుగులో కూడా ఉండేలా చూడండి.

వరంగల్, హనుమకొండ మెడికల్ షాపుల వాళ్లకు కూడా ఒక మనవి. షీటు పెట్టి ఇచ్చే కాగితం కవర్ మీద 'బీపీకి', 'షుగర్‌కు', 'థైరాయిడ్‌కు' అని పెన్నుతో తెలుగులో రాసి ఇవ్వండి. దీనికి ఏ ఆర్డరూ రానక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

— ఒక పాఠకురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా