పెన్న ఇసుకలో మన జీపు

సోలిహల్, ఇంగ్లాండ్

నాయనా,

జీపును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తామని తమ్ముడు చెప్పినప్పటి నుంచీ నాకు మనసు బాగాలేదు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినాను, అందుకే రాస్తున్నా.

నేనుండే ఊళ్లోనే ల్యాండ్‌రోవర్ ఫ్యాక్టరీ ఉంది. 2008 నుంచి ఆ కంపెనీ మన టాటా వాళ్లదే. ఆ బండి పుట్టిన కథ నీకు తప్పక నచ్చుతుంది. 1947లో మోరిస్ విల్క్స్ అనే ఇంజనీరు, వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో, రెడ్ వార్ఫ్ బే అనే సముద్రపు ఒడ్డున, బండి ఎట్లుండాలో ఇసుకలో గీసి అన్న స్పెన్సర్‌కు చూపించినాడు. అప్పుడు మోరిస్ పొలం పనులకు వాడుతున్నది మిలిటరీ వాళ్లు వదిలేసిన విల్లీస్ జీపు. మన మహీంద్రా జీపు వచ్చింది కూడా ఆ విల్లీస్ నుంచే కదా!

తర్వాత డిఫెండర్ అని పేరు మారిన ఆ పాత ల్యాండ్‌రోవర్ తయారీ ఆపేసే ముందు, 2015లో, కంపెనీ వాళ్లు మళ్లీ అదే ఒడ్డుకు పోయినారు. ఆరు బండ్లు తోలి, ఇసుక మీద కిలోమీటరు వెడల్పున డిఫెండర్ బొమ్మ గీసినారు. పైనుంచి తీసిన ఫోటో చూస్తే గుంటక తోలిన సాళ్లు గుర్తొచ్చినాయి నాకు. తర్వాత అలలొచ్చి బొమ్మంతా తుడిచేసినాయి. అదే సంవత్సరం, ఇరవై లక్షలవ బండి రేకు మీద ఆ ఒడ్డు పటం చెక్కించి వేలం వేస్తే 4 లక్షల పౌండ్లు వచ్చినాయి. ఆ డబ్బు సేవా సంస్థలకు ఇచ్చినారు. 2018లో, ఆ బండి జనంలోకి వచ్చి డెబ్బై ఏళ్లైన పండగకు, ఫ్రాన్స్ కొండల మీద ఒకాయన మంచులో నడిచి నడిచి 250 మీటర్ల బండి బొమ్మ వేసినాడు.

ఇదంతా ప్రచారానికే చేసినారు, నిజమే. అయినా ఆగిపోయే బండి కోసం అది పుట్టిన చోటు దాకా పోయినారే, ఆ మర్యాద నాకు నచ్చింది.

మన జీపు ఒంటిమిట్ట కల్యాణానికి ఎంతమందిని మోసిందో, ఎన్ని శనక్కాయ మూటలు లాగిందో నీకే తెలుసు. సిద్ధవటం కోట కింద పెన్న ఇసుకలో దిగబడితే, నువ్వు టైర్లలో గాలి కొంచెం దించి, స్టీరింగ్ తిప్పకుండా మెల్లగా బయటికి తీసినావు. వెనక సీట్లో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా.

ఉగాదికి వస్తున్నా. అప్పటిదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. కొత్త బ్యాటరీకి డబ్బు తమ్ముడి అకౌంట్లో వేసినా. బొమ్మ నేను కాగితం మీద గీసుకొస్తా. ఇసుకలో బండి నువ్వే తోలాల.

నీ పెద్దోడు