కాటన్ అనే నీ పేరు

చిరంజీవి కాటన్‌కు నాన్న దీవించి వ్రాయునది.

మొన్న ఫోనులో నీ గొంతు చిన్నబోయినట్టు వినిపించింది. ఇంగ్లండులోని ఆఫీసులో నీ పేరు విని, అది నూలుబట్ట పేరు కదా అని కొందరు, ఇంటిపేరును సొంతపేరుగా ఎలా పెట్టారని మరికొందరు అడుగుతున్నారని, మార్పించుకుందామనుకుంటున్నావని చెప్పావు. మార్చుకోవడం, మానడం నీ ఇష్టం. అయితే ఆ పేరులో ఏముందో తెలుసుకున్న తరువాతే ఆ నిర్ణయం తీసుకోవాలని నా కోరిక.

నీ పేరుకూ బట్టకూ చుట్టరికం లేదు. బట్టను చెప్పే కాటన్ అరబ్బీలోని ‘కుత్న్’ అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరైన కాటన్ మాత్రం అచ్చమైన పాత ఇంగ్లీషు. ఆ భాషలో ‘కోట్’ అంటే గుడిసె, ‘కోటుమ్’ అంటే గుడిసెల దగ్గర. మనం కాటేజీ అంటున్న మాటకూ మూలం అదే. గుడిసెల చుట్టూ వెలసిన పల్లెలకు అది కోటన్ అనీ కాటన్ అనీ ఊరిపేరై నిలిచి, ఆ ఊళ్ళు విడిచి వచ్చినవారికి ఇంటిపేరైంది. కందుకూరు వారు కందుకూరి వారైనట్టే అనుకో. ‘కందుకూరి’ అన్నప్పుడు ఊరిపేరు విభక్తి రూపం దాల్చి అలాగే ఇంటిపేరుగా గట్టిపడింది. పాత ఇంగ్లీషు ‘కోటుమ్’లో కూడా ఒక విభక్తి ప్రత్యయమే పేరులో కలిసిపోయింది. రెండు దూరపు భాషలు ఒకే దారిన నడిచాయని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక రెండో ప్రశ్న. తల్లి పుట్టింటి ఇంటిపేరును బిడ్డకు సొంతపేరుగా పెట్టే ఆచారం ఇంగ్లీషువాళ్ళలో పాతదే. 1663లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టిన కాటన్ మేథర్ అనే మతబోధకుడికి తల్లివైపు తాత జాన్ కాటన్ ఇంటిపేరే సొంతపేరైంది. ఆయన గొప్పవాడని మాత్రమే చెప్పి ఊరుకుంటే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో అమాయకులను ఉరితీసినప్పుడు ఆ విచారణలను సమర్థించి రాసినవాడు ఆయనే. 1721లో మశూచి చెలరేగినప్పుడు, తన ఇంట బానిసగా ఉన్న ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి ద్వారా తెలుసుకున్న టీకా పద్ధతిని, జనం తిరగబడినా వెనక్కు తగ్గక ప్రచారం చేసినవాడూ ఆయనే. ఇంగ్లీషువాళ్ళ సంగతి అటుంచు, మన ఊళ్ళో గాంధీలు, బోసులు ఎంతమంది లేరు? అవన్నీ ఎవరి ఇంటిపేర్లు?

మన ఇంటికి ఈ పేరు ఎలా వచ్చిందో నీకు చిన్నప్పుడు చెప్పాను, కానీ ఒక సంగతి చెప్పలేదు. నీ బారసాలనాడు పళ్ళెంలో పరిచిన బియ్యం మన చేలో ఆ ఏటి దాళ్వాకు, అంటే రెండో పంటకు, పండినవి. ఉంగరంతో ఆ బియ్యంలో నేను రాస్తుంటే తాతయ్య నా మణికట్టు పట్టుకున్నారు. ‘ట’ దగ్గర ఆయన చేయి వణికి అక్షరం చెదిరితే, బియ్యం సర్ది మళ్ళీ రాయించారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఆ చేనికి కాలువ లేదు, కాలువ లేనిదే దాళ్వా లేదు. అందుకే ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరను తాతయ్య ఎప్పుడూ ఇంటి పెద్దలతో కలిపి తలిచేవారు. గోదావరి స్నానంలో ఆ దొరను భగీరథుడని స్మరించే సంస్కృత శ్లోకం ఆయనకు కంఠతా వచ్చు. అందులో పేరు ద్వితీయా విభక్తిలో ‘కాటనుం’ అని ఉంటుంది. పాత ఇంగ్లీషు ‘కోటుమ్’ను పక్కన పెట్టి ఒకసారి పైకి చదివి చూడు. యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది.

కేంబ్రిడ్జికి పడమరగా రెండు మైళ్ళ దూరంలో కోటన్ అనే చిన్న పల్లె ఉంది. గుడిసెల దగ్గర అనే అర్థంతోనే ఆ పేరు వచ్చింది. వీలున్న ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి, ఊరి మొదట ఉండే పేరు పలక పక్కన నిలబడి ఫొటో తీయించుకుని పంపించు. అమ్మ దాన్ని తాతయ్య పటం కింద పెడతానంటోంది.

ఆశీస్సులతో,
మీ నాన్న