చెక్క అచ్చుల ఊసేదీ?

సంపాదకుల వారికి,

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఉర్దూ, అరబిక్ అక్షరాలు చేత్తో అందంగా రాసే ఖుష్‌నవీసుల మీద మీరు వేసిన కథనం బాగుంది కానీ, చెక్క అచ్చుల ఊసే లేదేంటండీ? ఈజిప్టులో, యూరప్‌కి అచ్చుయంత్రం తెచ్చిన గుటెన్‌బర్గ్ కన్నా నాలుగు వందల ఏళ్ల ముందే తాయెత్తు కాగితాల మీద అరబిక్ రాత అచ్చేసేవాళ్లు. చెక్క మీద అంతా తిరగేసి, ఎడమ నుంచి కుడికి చెక్కాలి, చుట్టూ తీసేసి గీతను మాత్రమే ఉబ్బెత్తుగా మిగల్చాలి, ఉలి కాస్త జారిందా, నుక్తా, అంటే అక్షరానికుండే చుక్క, ఎగిరిపోతుంది, ఇక అది ఏ అక్షరమో ఎవరికీ తెలీదు. రంగు కాగితమంటే ఇంకో టెన్షన్. పసుపు మీద నల్ల సిరా అదిరిపోతుంది, ముదురు నీలం మీద మాత్రం కనబడి చావదు, చిక్కటి తెలుపో బంగారు రంగో వాడాల్సిందే. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లున్నారు కదా, వాళ్లనీ ఈ ఖుష్‌నవీసులనీ రెండు రాష్ట్రాల హస్తకళల సంస్థలు ఒకచోట కూర్చోబెడితే ఏం పోయింది?

- ఒక పాఠకుడు, మచిలీపట్నం