సమీక్షా సమావేశాల్లో ఫోన్లు: అధ్యక్ష స్థానంలోని వారే ముందు పక్కన పెట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మండల స్థాయి నుంచి జిల్లా స్థాయి దాకా జరిగే సమీక్షా సమావేశాల్లో సెల్‌ఫోన్ల వాడకం హద్దు మీరిందని, దానివల్ల నష్టపోతున్నది హాలులో కూర్చున్నవారి కంటే ఆ సమావేశాలు ఎవరి కోసం జరుగుతున్నాయో ఆ రైతులు, కూలీలు, బడిపిల్లలేనని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తీసుకురావాలనుకుంటున్నాను. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఇటువంటి సమావేశాల్లో కూర్చున్నాను. పదవీ విరమణ తరువాత వ్యవసాయం చూసుకుంటూ, ధాన్యం కొనుగోళ్ల వేళ రైతుగా అదే హాలు వెనుక వరుసలో కూర్చుంటున్నాను.

గడిచిన యాసంగి కొనుగోళ్ల సమయంలో ఒక మండల కేంద్రంలో జరిగిన సమావేశంలో నేను చూసింది చెబుతాను. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలు ఒకరు లేచి, తమ కేంద్రంలో ధాన్యం కొనుగోలుకు పరిమితి అయిన 17 శాతం తేమ లోపుకు ఆరిపోయిందని, కాంటా (తూకం) అయిన బస్తాలు లారీలు రాక అక్కడే ఉన్నాయని, కొత్తగా కాంటా పెడదామంటే గన్నీ సంచులు లేవని, మబ్బు పట్టి ఉన్నందున టార్పాలిన్లు వెంటనే కావాలని వివరంగా చెప్పారు. ఆమె చేతిలో గీతల నోటుపుస్తకం ఉంది. అందులో రైతు పేరు, బస్తాలు, కాంటా అయిన తేదీ వరుసగా రాసుకుని వచ్చారు. ఆమె చదువుతున్నంత సేపూ ముందు వరుసలో ఉన్నవారిలో చాలామంది తలలు వంచి ఫోన్లు చూసుకుంటున్నారు. రవాణా చూడవలసిన అధికారి చివరికి తలెత్తి, ‘ఏ సెంటరమ్మా మీది? మళ్లొకసారి చెప్పండి’ అన్నారు. ఆమె మళ్లీ మొదటి పేజీ తీశారు. అంతలో అధ్యక్షత వహిస్తున్న అధికారికి ఫోన్ రావడంతో ఆయన మాట్లాడుతూ బయటకు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఇంకొకరు ఇంకొక అంశం మొదలుపెట్టారు. ఆమె కొద్దిసేపు నిలబడే ఉండి, పుస్తకం మూసి కూర్చున్నారు. ఎన్ని లారీలు, ఏ మిల్లుకు, ఎప్పటిలోగా అన్నది ఆ రోజు తేలలేదు. రాత్రిపూట కుప్పల దగ్గరే పడుకుంటున్న రైతులకు తమ గోడు మండల కేంద్రం దాకా వెళ్లి, వినేవారు లేక తిరిగి వచ్చిందన్న సంగతి కూడా తెలియదు.

ఇందులో ఆ అధికారుల దురుద్దేశం ఉన్నదని నేను అనను. ఉద్యోగులను మాత్రమే తప్పుపట్టడం న్యాయమూ కాదు. నేటి ప్రభుత్వ పనిలో సగం ఫోన్‌లోనే నడుస్తున్నది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును 2023 జనవరి 1 నుంచి తప్పనిసరిగా యాప్‌లోనే, రోజుకు రెండుసార్లు ఫొటోలతో నమోదు చేయవలసి ఉన్నది. పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి, అంగన్‌వాడీ టీచర్, ఎవరిని అడిగినా వారి ఫోన్‌లో లెక్కకు మించిన వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. సమావేశం నడుస్తుండగానే పై కార్యాలయం నుంచి ‘అర్జెంట్’ అంటూ ఒక నమూనా వస్తుంది. అరగంటలో నింపి పంపాలని, పంపనివారి పేర్లు గ్రూపులో పెడతామని దాని కింద ఉంటుంది. ఆ స్థితిలో ఫోన్ చూడకుండా కూర్చోగలిగే చిరుద్యోగి ఎవరు? కొన్నిసార్లు ఎదురుగా కుర్చీలో ఉన్న అధికారే ఆ హాలులో ఉన్నవారి నుంచి గ్రూపులో వేరే నివేదిక అడగడం కూడా నేను చూశాను. అందుకే ఈ అలవాటు కింది నుంచి పుట్టలేదని, పై నుంచి దిగివచ్చిందని గట్టిగా చెప్పగలను.

ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించాము, ఇక ఇబ్బంది ఏమిటని కొందరు అంటారు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్‌ను పక్క గదిలో ఉంచి వచ్చినవారు ఏకాగ్రత అవసరమైన పరీక్షల్లో ఫోన్‌ను బల్ల మీద బోర్లించి పెట్టుకున్నవారి కంటే మెరుగ్గా రాణించారు. అది మోగకపోయినా, మనం ముట్టకపోయినా మనసులో కొంత భాగం దానిని కనిపెట్టుకునే ఉంటుందన్నది వారి వివరణ. ఆ హాలులో కూర్చున్న అనుభవంతో నేను దీనిని నమ్ముతున్నాను.

ఫోన్ లేకపోతే పని ఆగిపోతుందన్న వాదన కూడా నిలవదు. ఓట్ల లెక్కింపు రోజు ఏజెంట్లు ఫోన్లు బయట పెట్టే లోపలికి వెళతారు. 2023 ఏప్రిల్‌లో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం పరీక్ష జరుగుతుండగానే తాండూరు నుంచి వాట్సాప్‌లో బయటకు వచ్చిన తరువాత పరీక్షా కేంద్రాల్లో సిబ్బంది ఫోన్లపైనా కట్టుదిట్టం చేశారు; ఇన్విజిలేటర్లు గంటల తరబడి ఫోన్ లేకుండానే విధులు నిర్వహిస్తున్నారు. ఉత్తరప్రదేశ్‌లో 2019లో మంత్రివర్గ సమావేశాలకే ఫోన్లు తేవద్దని మంత్రులకు చెప్పారు. మంత్రులకు సాధ్యమైనది మండల సమావేశంలో గంటన్నర సేపు మనకు సాధ్యం కాదా?

అంత దూరం పోనవసరం లేదు. మన ఊళ్లలోని పొదుపు సంఘాల సమావేశం ఒకసారి చూడండి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పులు ఇచ్చుకోవడం, తిరిగి చెల్లించడం, పుస్తకాల నిర్వహణ అన్న పంచసూత్రాలను ఆ మహిళలు ఏళ్లుగా పాటిస్తున్నారు. గుండ్రంగా కూర్చుంటారు కాబట్టి ఎవరు వింటున్నారో, ఎవరు వినడం లేదో అందరికీ కనబడుతుంది. ఆలస్యంగా వచ్చినవారికి చాలా సంఘాల్లో జరిమానా ఉన్నది. తీర్మానం పుస్తకంలోకి ఎక్కి, సంతకాలు అయ్యాకే లేస్తారు. అంత క్రమశిక్షణతో నడిచే సంఘం నుంచి వచ్చిన మనిషి మన అధికారిక సమావేశంలో రెండుసార్లు మొదటి పేజీ తీయవలసి రావడం నాకు ఎంతో బాధ కలిగించింది.

ఉమ్మడి జిల్లాలోని నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కలెక్టర్లకు నా విన్నపం ఇది. సమావేశానికి అధ్యక్షత వహించేవారు తమ ఫోన్‌ను అందరి ఎదుట అటెండరుకు అప్పగించి కూర్చోవాలి. ఆ తరువాతే మిగిలినవారిని అడగాలి. అధ్యక్షులు ఫోన్‌లో ఉండి కిందివారిని మందలిస్తే ఆ మాటకు విలువ ఉండదు. సమావేశం జరిగే సమయంలో అదే ఉద్యోగుల నుంచి గ్రూపుల్లో నివేదికలు అడగరాదని జిల్లా కార్యాలయాల శాఖలన్నింటికీ రాతపూర్వకంగా చెప్పాలి. ఇది లేకుండా మిగిలినదేదీ అమలు కాదు. ఉపాధి హామీ సిబ్బంది వంటివారికి ఫొటోలు పంపే వేళకు విరామం ఇవ్వాలి. ఇంట్లో రోగులు, పసిపిల్లలు ఉన్నవారు, అగ్నిప్రమాదం, వరద వంటి అత్యవసర విధుల్లో ఉన్నవారు ముందే చెప్పి ఫోన్ ఉంచుకోవచ్చు. మిగిలినవారు కార్యాలయం నంబరు ఒకటి ఇంట్లో ఇచ్చి వస్తే అటెండరు లోపలికి కబురు తెస్తాడు. ఎవరేమి అడిగారు, ఎవరు ఏ తేదీలోగా చేయాలి అన్నది మినిట్స్ పుస్తకంలో అక్కడికక్కడే రాసి, సమస్య చెప్పినవారికి చదివి వినిపించాలి.

వానాకాలం ధాన్యం కొనుగోళ్ల సన్నాహక సమావేశాలు మొదలయ్యేలోగా ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని, కనీసం కొనుగోలు కేంద్రాల నిర్వాహకులు పాల్గొనే సమావేశాల నుంచైనా అమలు ప్రారంభించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
నల్లగొండ.