పాడేరు ఘాట్‌లో ఆగిన అన్నకు కృతజ్ఞతలు

కార్తీక మాసంలో శనివారం వస్తే మా ఇద్దరికీ కాలు నిలవదు. ఒక వారం అరకులో వలిసె పూలు, ఇంకో వారం వంజంగి కొండ మీద తెల్లవారుజామున పాలకడలిలా పరుచుకున్న మబ్బులు. ఆదివారం మాత్రం అనకాపల్లిలో ఇంటివాళ్ళతో గడపాల్సిందే.

మొన్న వంజంగి నుంచి తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డులో బైక్ చైన్ తెగింది. చీకటి పడుతోంది, సిగ్నల్ లేదు, నాకు ఒకటే టెన్షన్. ఎన్నో బళ్ళు వెళ్ళిపోయాయి. అల్లం బస్తాలతో వెళ్తున్న మీ వ్యాన్ ఆగింది. బస్తాలు పక్కకు జరిపి బైక్ ఎక్కించారు. ట్యాంకు గీసుకుపోకుండా మీ భుజం మీది తువ్వాలు మడిచి అడ్డం పెట్టారు. సొంత బండికే అంత జాగ్రత్త పడరు ఎవరూ! మాడుగులలో షట్టర్ దించేస్తున్న మెకానిక్‌ని బతిమాలి ఆపారు కూడా.

డబ్బులిస్తే తీసుకోలేదు. పేరడిగితే, "అమ్మాయి చలికి వణికిపోతోంది, ముందు ఇంటికి పొండి బాబూ" అన్నారు.

మీ పుణ్యమా అని మర్నాడు ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు వేళకి అందుకున్నాం. మాడుగుల హల్వా పంచుతూ అందరికీ మీ గురించే చెప్పాం. అత్తయ్యగారైతే మీ పేరు తెలియకుండానే మీ కోసం ఒక దీపం వెలిగించారు.

వచ్చే వారం మళ్ళీ ఆ దారినే వస్తున్నాం. మీ వ్యాన్ కనిపిస్తే ఆపేస్తాం. ఈసారి పేరు చెప్పాలి, మాతో భోంచేయాలి అన్నా!