రేషన్ కార్డు తీసేముందు గడప దాకా రావాలి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి,

సమగ్ర వేదిక మీ శాఖకు కొత్త కాదు. ఆస్తి పన్ను, వాహనాలు, కరెంటు కనెక్షన్లు వంటి అనేక రికార్డులను కలిపి, ఏ కుటుంబం అనర్హమో సూచించే సాఫ్ట్‌వేర్ అది. రేషన్ కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ మళ్లీ తనిఖీ కోసం వచ్చినవాటిలో ఆ ఏడాది జూలై నాటికి పరిశీలన పూర్తయిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని తేలింది. అంటే సుమారు 13కి ఒకటి.

తప్పు ఎక్కడ పుడుతుంది? పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి సాఫ్ట్‌వేర్ మార్కులు వేస్తుంది. ఒక గీత దాటితే ఇద్దరూ ఒక్కరే అంటుంది. మన పేర్లు ఈ లెక్కకు లొంగవు. ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటే, ఇంకోదాంట్లో చివర, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. వెంకటేశ్వర్లుకు ఇంగ్లిష్‌లో నాలుగు స్పెల్లింగులు. మహమ్మద్ కాస్తా ‘ఎండీ’ అవుతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒకచోట తండ్రి పేరు, మరోచోట భర్త పేరు. అమ్మేసిన కారు ఆర్టీఏలో పేరు మారక పాత యజమాని నెత్తినే ఉంటుంది. గీత కిందికి దించితే అనర్హులు ఎక్కువమంది దొరుకుతారు, వాళ్లతోపాటు అర్హులూ పోతారు. లక్ష కార్డుల్లో ఒక్క శాతం తప్పినా వెయ్యి ఇళ్లు. ఆ గీత ఎక్కడ గీయాలో కంపెనీ ఇంజనీరు తేల్చే సంగతి కాదు. అది జీవోలో ఉండాలి.

ఇప్పుడు ప్రభుత్వంలో ఎవరి దారి వారిది. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి ఏఐ చాట్ టూల్స్ వాడొద్దని 2025 జనవరి 29న కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. హైదరాబాద్ పక్కనే ఉన్న మన కొంపల్లిలో 2020 మున్సిపల్ ఎన్నికలప్పుడు పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను యాప్‌తో సరిచూశారు. ఉత్తరం రాయడానికి నిషేధం, ఓటరును పోల్చడానికి పైలట్ ప్రాజెక్టు!

కాబట్టి ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ల వాడకంపై అన్ని శాఖలకూ కలిపి ఒకే జీవో ఇవ్వండి. పని ప్రభావాన్ని బట్టి నాలుగు స్థాయిలు పెట్టి, స్థాయి పెరిగేకొద్దీ నిబంధనలు బిగించే పద్ధతి కెనడాలో 2019 నుంచి ఉంది. మనకు మూడు చాలు. తర్జుమా, ముసాయిదా వంటివి మొదటి మెట్టు: పౌరుల వివరాలు బయటి చాట్ టూల్స్‌లో పెట్టకూడదు, సంతకం చేసినవారే బాధ్యులు. అర్హతపై అనుమానం లేవనెత్తేవి రెండోది. ముఖాలు పోల్చేవి మూడోది. వీటికి శాసనసభలో చర్చ జరగకుండా అనుమతి వద్దు.

అసలు చిక్కు రెండోదానిలోనే. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చెప్పింది ఫిర్యాదుతో సమానం, తీర్పు కాదు. ఏ రికార్డులో ఏ అంశం వల్ల అనుమానం వచ్చిందో తెలుగులో, ఉర్దూలో నోటీసు ఇవ్వాలి. జవాబుకు 30 రోజులు ఇచ్చి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఇంటికెళ్లి చూశాక తహసీల్దార్ కారణం రాసి సంతకం చేయాలి. అంతవరకు బియ్యం ఆగకూడదు.

వాడకం మొదలుపెట్టేముందు కనీసం 2,000 కుటుంబాలను యాదృచ్ఛికంగా ఎంచి ఇంటికెళ్లి సరిచూడాలి. సాఫ్ట్‌వేర్ పట్టుకున్నవే కాక వదిలేసినవీ అందులో ఉండాలి, లేకపోతే తప్పుల లెక్క సగమే తెలుస్తుంది. ఆడవాళ్లు ఇంటి పెద్దలైన కుటుంబాలు, ముస్లిం, గిరిజన పేర్ల ఫలితాలు విడిగా చూపాలి. ఆర్నెల్లకోసారి మళ్లీ చేయాలి, ఎందుకంటే రికార్డులు మారుతూనే ఉంటాయి.

టెండరు రాసేటప్పుడే నియమాలు, పోలిక మార్కులు, లాగ్‌లు (సాఫ్ట్‌వేర్ ఎప్పుడు ఏం చేసిందో చెప్పే నమోదులు) ప్రభుత్వ సొత్తని స్పష్టం చేయండి. రేపు సమాచార హక్కు కింద అడిగితే సెక్షన్ 8(1)(డి) చూపి వ్యాపార రహస్యమనే వీలుండకూడదు.

ఏ శాఖ ఏ సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికి వాడుతోందో, ఎన్ని నోటీసులు ఇచ్చిందో, ఎన్ని తప్పని తేలాయో తెలిపే రిజిస్టర్ ఒకటి అందరికీ అందుబాటులో ఉంచండి. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత వచ్చిన 4,91,899 దరఖాస్తుల ఫలితాలను, జిల్లాలవారీగా, తిరస్కరణ కారణాలతో సహా, అందులో మొదటి పద్దుగా పెట్టండి.

ఇట్లు,
ప్రభుత్వ డేటా వ్యవస్థలపై పనిచేసే సాంకేతిక నిపుణులు, ఆహార హక్కు కార్యకర్తలు