గోడ మీద గ్రీన్ బోర్డు, బకెట్లో యాసిడ్

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పనిచేసే ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద బిల్డింగ్‌లో ఉందండి, లిఫ్ట్ పక్కనే గ్రీన్ బిల్డింగ్ (అంటే పర్యావరణానికి హాని తక్కువ చేసే బిల్డింగ్) అని మెరిసే బోర్డు పెట్టారు. పోయిన వారం బాత్రూమ్ కడిగే అమ్మ యాసిడ్ పోసింది, మరక పోలేదని దాని మీదే బ్లీచింగ్ చల్లేసరికి గుప్పున ఘాటు లేచింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ కారిడార్లోకి పరిగెత్తుకొచ్చింది, కళ్లంతా ఎర్రగా అయిపోయి నీళ్లు కారుతున్నాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆ ఐదు లీటర్ల క్యాన్ మీద లేబులే లేదు! ఎందుకమ్మా అంత పోస్తావు అంటే "వాసన రాకపోతే కడగలేదంటారు సార్" అంది. తప్పు ఆమెది కాదు, ముక్కు మండితేనే శుభ్రం అనుకునే మనది.

మన విజయవాడ రైల్వే స్టేషన్‌కే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) వాళ్ల ప్లాటినం రేటింగ్ వచ్చింది, ఊరికి ఇదేం కొత్త మాట కాదు. కానీ చాలామంది ఓనర్లు కట్టేటప్పుడు వచ్చిన రేటింగ్‌తోనే పనైపోయిందనుకుంటున్నారు. లీడ్ అని ఇంకో గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ ఉంది, వాళ్లు వాడకంలో ఉన్న బిల్డింగ్‌కి విడిగా రేటింగ్ ఇస్తారు, అందులో గ్రీన్ క్లీనింగ్ పాలసీ (హాని తక్కువ చేసే మందులతో ఎలా కడగాలో రాసిపెట్టుకోవడం) తప్పనిసరి, అది లేకపోతే కరెంటు, నీళ్లు ఎంత ఆదా చేసినా సర్టిఫికెట్ రాదు. మెయిన్ గుమ్మం దగ్గర 10 అడుగుల మ్యాట్ వేయమని కూడా లీడ్‌లో ఉంది, చెప్పులకంటిన దుమ్ము అక్కడే ఆగిపోతే లోపల కెమికల్ పని తగ్గుద్ది. మన బందరు రోడ్డు దుమ్ముకి ఇంతకంటే మంచి మందు ఏముంది చెప్పండి.

ఇంకోటి, మా బిల్డింగ్ కింద ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అందులో మురుగుని తినేది బ్యాక్టీరియానే, రోజూ పై నుంచి బ్లీచింగూ ఫినాయిలూ గుమ్మరిస్తే అది చచ్చిపోద్ది, ఇక లక్షలు పోసి కట్టిన ప్లాంటు ఎలా పనిచేస్తుంది?

హౌస్‌కీపింగ్ కాంట్రాక్ట్ రాసేటప్పుడే ఏ మందు, ఎంత నీళ్లకి ఎంత అని కొలత రాయండి, క్యాన్ల మీద తెలుగులో లేబుల్ పెట్టండి, గ్లవ్స్ ఇవ్వండి, యాసిడ్ మానేయండి. మైక్రోఫైబర్ గుడ్డలు కొంటే మామూలు తుడుపులకి చాలాచోట్ల వట్టి నీళ్లే సరిపోతాయి.

మీరు కూడా "యాసిడ్, బ్లీచింగ్ కలపకండి" అని పెద్ద అక్షరాలతో ఒక బాక్సు వేయండి సార్, కట్ చేసి మా స్టోర్ రూమ్ తలుపుకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ